ఎర్ర నల్లా

శుక్రవారం పొద్దున రజిత నిన్నటి ఖుబూస్ రొట్టెలను చిన్న ముక్కలుగా తుంచింది. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, కరివేపాకు వేసిన తాలింపులో వాటిని కలిపి, నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి మూత పెట్టింది. ఆ ఇంట్లో దాన్ని ఉప్మా అంటారు. మిగిలిన రొట్టె పారేయడం ఆ ఇంట్లో లేదు.

అక్కడ లేనివి ఇంకా చాలా ఉన్నాయి. గల్ఫ్‌లో, అల్ అమెరాత్ అనే ఊళ్లో ఒక పాత ఇంటి పై అంతస్తు అది. ఒక గది, ఒక హాలు, వంటిల్లు. ఏసీ గదిలో ఒక్కటే, అదీ పడుకునే ముందే నడుస్తుంది. ఎండ లోపలికి రాకుండా కిటికీ అద్దాలకు వెండిరంగు కాగితం అతికించారు. ఏసీ నుంచి కారే నీళ్లు డబ్బాలో పట్టి ఇల్లు తుడుస్తారు. బియ్యం సంచులు దిండు గలీబులయ్యాయి. కూతురు శ్రీవాణి తొమ్మిదో తరగతి పుస్తకాలు పై తరగతి పిల్ల దగ్గర కొన్నవి. ఏడాది కాగానే కింది తరగతి పిల్లకు అమ్మాలి. అందుకే ఆ పిల్ల వాటిలో పెన్సిల్‌తో తప్ప గీత గీయదు.

ఇదంతా సొంతూరు కోరుట్లలో కట్టిన ఇంటి కోసం. బ్యాంకు అప్పు మీద కట్టారు. ఇంకా ఎనిమిదేళ్ల కిస్తీలున్నాయి. ఆ ఇంట్లో కిరాయికున్నవాళ్లు రెండు గదుల్లోనూ ఏసీలు పెట్టించుకున్నారు. గోడకు బెజ్జాలు కొట్టడానికి అనుమతి అడుగుతూ ఫోన్‌లో చూపించారు. రజిత సరేనంది.

హాల్లో గోడకు ఆనుకొని నర్సయ్య కూర్చున్నాడు. రజిత భర్త భూమేశ్‌కు మేనమామ. దూరాన దుక్మ్ అనే ఊళ్లో, కొత్త రేవు పక్కన కడుతున్న సైట్‌లో మేస్త్రీ. కళ్ల డాక్టరుకు చూపించుకుందామని నిన్న సాయంత్రం బస్సులో వచ్చాడు. ఆదివారం వెళ్లిపోతాడు. భార్య దేవవ్వ పోయి నాలుగేళ్లు. అప్పటి నుంచి ఆయన మాటలు తగ్గాయి. మిగిలిన మాటలు కూడా ఎవరికీ హాయినిచ్చేవి కావు.

"దినాం ఇదేనా?" పళ్లెం చూసి అన్నాడు.

"దినాం కాదు మామా. రొట్టె మిగిలిన దినం."

"మిగులకపోతే?"

"మిగిలేటట్టే తెస్త. పొద్దుగూకినంక షాపోడు ఒక కట్ట కొంటే ఇంకో కట్ట ఊకెనే ఇస్తడు."

శ్రీవాణి కిసుక్కున నవ్వింది. నర్సయ్య నవ్వలేదు. కానీ పళ్లెంలో ఏమీ మిగల్చలేదు.

భూమేశ్ స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు. టైల్స్ పనికి ఫోర్‌మన్. వారంలో ఆరు రోజులు చీకటితో లేచి పనికి పోతాడు. ఇవాళ సెలవు. తువ్వాలు కుర్చీ మీద వేసి కూర్చున్నాడు. వారం రోజులుగా నోట్లో తిప్పుకుంటున్న మాట ఒకటి ఉంది. మామ పక్కనుంటే చెప్పడం సులువనుకున్నాడు.

"రజితా, ఇటు రా. ఒక మాట చెప్పాలె."

"చెప్పు. వినబడుతది." ఆమె వంటింటి గడపలోనే నిలబడింది.

"కంపెనీ దుక్మ్‌కు పొమ్మంటుంది. జీతం పెంచుతరు. తిండి, రూమ్ వాళ్లదే. ఆదివారం చెప్పాలె."

"మరి మేము?"

"కోరుట్లకు పోండ్రి. కిరాయోళ్లను ఖాళీ చేపిస్త. మన ఇంట్ల మీరుంటరు. నేను కంపెనీ క్యాంపుల ఉంట. ఇక్కడి కిరాయి, కరెంటు, స్కూలు ఫీజు అన్నీ మిగులుతయి. మూడేండ్లల్ల అప్పు ఒడుస్తది."

శ్రీవాణి చెంచా పళ్లెంలో పెట్టింది. "నా టెన్త్?"

"అక్కడ బడులు లేవా బిడ్డా?"

"నన్ను అడిగినవా డాడీ?"

"అడుగుతున్న గదా ఇప్పుడు."

"చెప్తున్నవ్. అడుగుతలేవు."

ఆ పిల్ల అన్నది నిజం. భూమేశ్ రజిత వైపు తిరిగాడు.

"నిన్ను చూస్తే నాకే బాధైతుంది. ఇంత ఎండల ఏసీ లేకుండ వండుతవ్. ఒక చీర కొన్నది లేదు, ఒక్క దిక్కు తిరిగింది లేదు. అక్కడైతే నిమ్మళంగ ఉంటవ్."

"కష్టమని నేనెన్నడన్న అన్ననా?"

"అనకపోతే కనబడదా నాకు?"

"ఏం కనబడుతుందో ఏమో నీకు," అంది రజిత.

భూమేశ్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆమెకు సులువుగా ఉండేది, నాలుగు తిట్టి ఊరుకునేది. మంచి చేస్తున్నానని నమ్మినవాడిని తిట్టడానికి మాట దొరకదు.

నర్సయ్య గ్లాసు నీళ్లు తాగి గొంతు సవరించుకున్నాడు. "పోనీయ్ వాణ్ని. ఇల్లు కావాలంటే మనిషి ఇడిచి ఉండాలె. నేను లేనా? ఇరవై ఏండ్లు ఉన్న. ఇయ్యాల నా ఇంటి మీద ఒక్క రూపాయి అప్పు లేదు. కింద రెండర్రలు, మీద రెండర్రలు. ఊళ్లె అసొంటి ఇల్లు లేదు."

"ఇప్పుడు అండ్ల ఎవరుంటరు మామా?" అడిగింది రజిత.

నర్సయ్య గ్లాసు కింద పెట్టాడు.

"తాళం," అన్నాడు.

అడగకూడని మాట అడిగానని రజితకు తెలుసు. తెలిసే అడిగింది. అందుకు ఆమె ఆ రోజూ బాధపడలేదు, తర్వాతా బాధపడలేదు.

ఆమె పళ్లేలు కడిగి, చేతులు తుడుచుకొని, హాల్లోకి వచ్చింది. గొంతు పెంచలేదు.

"సరే. పోతం. కాని ముందు నువ్వు మేము లేకుండ ఉండి చూడు. రేపు పొద్దుగూకేదాక. నేను, శ్రీవాణి కింద సాజిదా ఇంట్ల ఉంటం. ఆదివారం నువ్వేమంటే అదే. ఇంకో మాట మాట్లాడ."

"పరాచికమా ఇది?"

"పరాచికమైతే నవ్వుతుంటి."

రెండు జతల బట్టలు, శ్రీవాణి పుస్తకాలు సంచిలో వేసుకొని ఇద్దరూ మెట్లు దిగారు.

సాజిదాది కడప. భర్త షోయబ్ సహం అనే ఊళ్లో ఒక దుకాణంలో పని చేస్తాడు, నెలకు ఒకటి రెండు సార్లు వస్తాడు. పైవాళ్లూ కిందివాళ్లూ టమాటాల పెట్టె కలిసి కొని సగం సగం పంచుకునే స్నేహం. తలుపు తీసి సంచి వైపు చూసింది.

"ఏంది మే, మొగుడు తరిమినాడా?"

"నేనే వచ్చిన. రేపటిదాక."

"ఉండు, ఎన్నాళ్లన్నా ఉండు. మగోడు లేని ఇల్లు ఎట్లుంటాదో చూద్దువు. టీవీ రిమోట్ మనదే, కూర మన ఇష్టం. గ్యాస్ బండ మాత్రం మనమే మొయ్యాల." సాజిదా నవ్వి, తర్వాత నవ్వు ఆపి, రెండు దిండ్లు తెచ్చింది.

పైన మగవాళ్లిద్దరికీ ఆ రోజు బాగానే గడిచింది. భూమేశ్ హోటల్ నుంచి బిర్యానీ తెచ్చాడు. పట్టపగలు ఏసీ వేసుకొని ఇద్దరూ పడుకున్నారు. సాయంత్రం బాత్రూంలో నిండిన బకెట్ కనిపించింది, భూమేశ్ పోసుకున్నాడు. ఉండగలను అనుకున్నాడు. మగవాడికి ఏం కావాలి, ఇంత తిండి, పడుకోవడానికి చోటు, ఒక బకెట్ నీళ్లు. క్యాంపులో అవన్నీ ఉంటాయి.

శనివారం చీకటితో లేచి, ముఖం కడుక్కొని డ్యూటీకి వెళ్లాడు. భూమేశ్ వెళ్లాక నర్సయ్య లేచాడు. బస్సులో గంటల తరబడి ముడుచుకొని కూర్చున్న మోకాళ్లు ఇంకా పట్టేసే ఉన్నాయి. వేడినీళ్లు పోసుకుందామనుకున్నాడు. గీజర్ స్విచ్ మీద ఎవరో నల్లటి టేపు అతికించి ఉంది. పాడైందేమో అనుకున్నాడు. టేపు పీకి స్విచ్ వేస్తే ఎర్ర లైటు వెలిగింది. బాగానే ఉందిగదా అనుకొని, స్నానం చేసి, స్విచ్ సంగతి మరిచి, కళ్ల డాక్టరు దగ్గరికి పోయాడు.

అక్కడి చట్టం ప్రకారం ఎండాకాలం మధ్యాహ్నం పూట ఆరుబయట పని చేయించకూడదు. భూమేశ్ ఆ వేళకు ఇంటికొచ్చాడు. టైల్స్ కోసిన తెల్లటి దుమ్ము తల నుంచి పాదాల దాకా అంటి, చెమటకు తడిసి, ఆరి, పెచ్చు కట్టింది. చొక్కా విప్పి నేరుగా బాత్రూంలోకి వెళ్లాడు.

బకెట్ ఖాళీగా ఉంది.

నీలం గుర్తున్న చన్నీళ్ల నల్లా తిప్పాడు. ఎండాకాలం ఆ నీళ్లు మసులుతాయని అతనికి తెలుసు, గల్ఫ్‌లో ఉన్న ఎవరికైనా తెలుసు. వదిలితే చల్లబడతాయేమోనని కాసేపు వదిలాడు. చల్లబడలేదు. వేరే దారి లేక ఎర్ర గుర్తున్న వేడినీళ్ల నల్లా తిప్పాడు. అందులో నుంచి ఆవిరే వచ్చింది. చేయి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

రెండు నల్లాలు, రెండింటిలోనూ మంట. దుమ్ముతో, తడిసిన చేతితో, అతను ఆ ఖాళీ బకెట్ వైపు చూస్తూ నిలబడ్డాడు. నల్లా నీళ్లు మసులుతాయని తెలుసు. బకెట్ నీళ్లు ఎందుకు మసలవో ఈ ఇంటికొచ్చిన తొమ్మిదేళ్లలో ఎన్నడూ అడగలేదు.

అప్పుడే శ్రీవాణి మరిచిపోయిన లెక్కల పుస్తకం కోసం పైకి వచ్చింది. తండ్రిని చూసి బాత్రూం గడపలో ఆగింది. తర్వాత పైన గీజర్ వైపు చూసింది.

"ఇది ఎవరు వేసిండ్రు?"

హాల్లోంచి నర్సయ్య పలికాడు. డాక్టరు కళ్లలో వేసిన మందుకు ఇంకా కళ్లు మూసుకొనే కూర్చున్నాడు. "నేనే. మోకాళ్లకు. బంద్ చేసుడు మరిచిన."

"తాతా, అది ఎండాకాలం వెయ్యద్దు. అందుకే మమ్మీ టేపు పెట్టింది." ఆ పిల్ల స్విచ్ ఆపింది. "రేపటిదాక చల్లారవు ఇంక."

"గీజర్ నీళ్లు చల్లగెట్ల ఉంటయే?" అన్నాడు భూమేశ్.

శ్రీవాణి తండ్రి వైపు వింతగా చూసింది. నిజంగానే తెలియదా అన్నట్టు.

"మీదున్న ట్యాంకు ఎండకు కాగుతది డాడీ. గీజరేమో లోపల నీడకుంటది. స్విచ్ వెయ్యకుంటే అండ్లకొచ్చిన నీళ్లు మెల్లగ చల్లారుతయి. అందుకే ఎండాకాలం ఎర్ర నల్లానే చల్లది. మమ్మీ అండ్లకెల్లి బకెట్లు నింపి, తడిబట్ట కప్పి పెడతది. పొద్దున నీకొకటి. డ్యూటీ నుంచి వచ్చినంక నీకింకొకటి."

"మీకు?"

"గీజర్ చిన్నది గదా. నీకే సరిపోతది. మేము తెల్లారకముందే నీలం నల్లా కింద పోసుకుంటం. అప్పుడు గంత కాలవు."

ఆ పిల్ల అది ఫిర్యాదుగా చెప్పలేదు. పొయ్యి ఎట్లా వెలిగించాలో చెప్పినట్టు చెప్పి, పుస్తకం తీసుకొని మెట్లు దిగిపోయింది.

భూమేశ్ హాల్లోకి వచ్చి నేల మీద కూర్చున్నాడు. కుర్చీకి దుమ్ము అంటుతుందని రజిత అంటుంది. ఆమె లేకపోయినా నేల మీదే కూర్చున్నాడు.

"మామా, క్యాంపుల నీళ్లెట్ల?"

"ఎవని బకెట్ వాడు నింపుకోవాలె. నింపి పెట్టినా ఆగది. డ్యూటీల నుంచి ముందుగాల వచ్చినోడు పోసుకొని పోతడు."

"మరి నువ్వు?"

"మసిలేయే పోసుకుంట."

"కాలవా?"

"మొదట్ల కాలుతయి. తర్వాత అలవాటైతది." నర్సయ్య కళ్లు తెరవకుండానే అన్నాడు. "ఏదైనా అలవాటైతది భూమేశ్."

ధైర్యం చెప్పడానికే ఆయన అన్నాడు. కానీ బనీను లోంచి కనిపిస్తున్న ఆ ముసలి భుజాలు, మూసిన కళ్లు, గోడకు ఆనించిన తల చూస్తుంటే భూమేశ్‌కు ఆ మాట ధైర్యంగా వినిపించలేదు. ఇరవై ఏళ్లు. ఏదైనా అలవాటైంది. దేవవ్వ లేకపోవడం కూడా ఆమె బతికుండగానే అలవాటైంది.

అతను ఖాళీ బకెట్ పట్టుకొని మెట్లు దిగాడు.

సాజిదా తలుపు తీసి, ఒక్క క్షణం చూసి, లోపలికి కేకేసింది. "రజితా, మీ ఇంటికి సున్నం వేసేటోడెవరో వచ్చినాడు. పిలుస్తా ఉండాడు."

రజిత వచ్చింది. భూమేశ్‌ను చూసింది, బకెట్‌ను చూసింది. శ్రీవాణి అప్పటికే అంతా చెప్పినట్టుంది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు.

"ఇంకా పొద్దుగూకలే," అంది.

"తెలుసు."

"నీళ్ల కోసం వచ్చినవా?"

"నీళ్ల కోసమే వచ్చిన." అతను ఆగాడు. మాటలు కూడబెట్టుకోవడం అతనికి ఎన్నడూ రాదు. "నీళ్లొక్కటే కాదు. నాకు అన్నీ కనబడుతున్నయనుకున్న రజితా. ఎదురుంగ బకెట్ పెడుతుంటే పోసుకున్న. ఎక్కన్నుంచి వస్తున్నయని అడుగలే. దుక్మ్‌కు పోను."

"ఒక బకెట్ లేకపోతేనే?"

"నింపేటోళ్లు లేకపోతే."

సాజిదా లోపలికి వెళ్లిపోయింది. ఆమె మొగుడు వచ్చేది వచ్చే వారం.

రజిత కొంగు అంచు వేలికి చుట్టుకొని విప్పింది. "పోకపోతే ఎనిమిదేండ్లు," అంది చివరికి. "శ్రీవాణి పెద్దగైతది, కాలేజీ ఖర్చు వస్తది. అప్పుడు నన్ను అనద్దు. ఆనాడే పోతే అయిపోతుండె అని."

"అన."

"ఖుబూస్ ఉప్మానే ఉంటది."

"తింట. కాని గీ ఇంటి కోసమని నువ్వు ఇంతగనం..."

"ఇంటి కోసమా?" రజిత తల ఎత్తింది. కళ్లలో నీళ్లు నిండాయి, గొంతు మాత్రం అట్లాగే ఉంది. "ఆ ఇల్లు నేను చూసింది ఎన్ని దినాలు? ఖర్చు ఎక్కువైతే నువ్వు మమ్మల్ని పంపుత అంటవని నాకు ఎప్పటికెల్లో భయం. నువ్వు ఆ మాట అనకుండ చెయ్యాలనే ఇదంత చేసిన. రొట్టె, నీళ్లు, కరెంటు అన్నీ అందుకే. ఇంత చేసినా అననే అన్నవ్."

భూమేశ్ దుమ్ము పట్టిన చెంపల మీద రెండు గీతలు పడ్డాయి. తుడుచుకుంటే మరింత పులుముకుంది. రజిత అతని చేతిలోంచి బకెట్ తీసుకొని లోపలికి వెళ్లింది. సాజిదా ఇంటి ఎర్ర నల్లా కింద సగం దాకా నింపి తెచ్చింది.

"సగమేనా?"

"ఆమెకు వద్దా? మొయ్యి. నేను మొయ్య."

అతను మోసుకొని పైకెక్కాడు. సగం బకెట్‌తో దుమ్మంతా పోలేదు. చెవుల వెనక, మెడ మడతల్లో అట్లాగే మిగిలింది.

పొద్దుగూకే వేళకు రజిత, శ్రీవాణి సంచి పట్టుకొని పైకి వచ్చారు. హాల్లో నర్సయ్య ఒక్కడే ఉన్నాడు. బాత్రూంలో భూమేశ్ నిలబడి, పీకేసిన టేపు మళ్లీ స్విచ్ మీద అతికిస్తున్నాడు. అంటడం లేదు. గోటితో అదుముతున్నాడు. కింద వరసగా మూడు బకెట్లు ఉన్నాయి. గీజర్ నీళ్లు ఇంకా చల్లారలేదని, ఆ వేడినీళ్లే పట్టి, చల్లారడానికి పెట్టాడు. ఒకటి తనది, ఒకటి నర్సయ్యది. మూడోది ఎవరిదో అతను చెప్పలేదు, రజితా అడగలేదు.

ఆమె వంగి ఒక బకెట్‌లో వేలు ముంచి చూసింది.

"మూత పెట్టలే."

"బట్ట యాడుందో దొరకలే."

"తలుపు ఎనుక. తడిపి కప్పు. పొడిది కప్పితే చల్లారవు."

అతను తలుపు వెనక బట్ట తీసి, తడిపి, ఒక్కొక్క బకెట్ మీద కప్పాడు. ఆమె నిలబడి చూసింది. ఒక మూల సరిగ్గా రాలేదని తనే లాగి సర్దింది. అంతటితో ఆ గొడవ అయిపోయింది.

ఆదివారం తెల్లవారుజామున నర్సయ్య సంచి సర్దుకున్నాడు. స్నానానికి వెళ్లి, చాలాసేపటికి బయటికొచ్చాడు. భూమేశ్ డ్యూటీకి పోయే దారిలో ఆయనను బస్సు దగ్గర దించాలి. గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ నర్సయ్య అన్నాడు.

"మీ సూపర్‌వైజర్‌కు పొద్దుగాలనే ఫోన్ చెయ్యి. పోనని చెప్పు. ఆలస్యమైతే నీ పేరు రాసుకొని పంపిచ్చేస్తరు. పేరు రాసినంక ఇనరు."

"చేస్త మామా."

రజిత టిఫిన్ డబ్బా చేతికిచ్చింది. "బస్సుల తినుండ్రి మామా. రొట్టె కాదు, పులిహోర."

నర్సయ్య డబ్బా సంచిలో పెట్టుకొని మెట్లు దిగాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

వాళ్లు వెళ్లాక రజిత బాత్రూంలోకి వెళ్లింది. నర్సయ్య కోసం పెట్టిన బకెట్ మీద తడిబట్ట అట్లాగే ఉంది. తీసి చూసింది. అంచు దాకా నిండుగా ఉన్నాయి నీళ్లు, చల్లగా. ఆయన ముట్టుకోలేదు. క్యాంపులో లాగే నీలం నల్లా కింద పోసుకొని పోయాడు.

ఆమె కాసేపు ఆ బకెట్ దగ్గరే కూర్చుంది. తర్వాత కళ్లు తుడుచుకొని శ్రీవాణిని లేపింది.

"లే. నీళ్లు చల్లగున్నయి. ఇయ్యాల నువ్వు పోసుకో."

ఆ ఇంట్లో ఏదీ పారబోయరు.